దోగ్బే చేతిలోని కపాలం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నడినెత్తిన నిప్పులు చెరగాల్సిన సూర్యుణ్ణి కారుమేఘాలు కబళించేశాయి... అన్యావుకోపె ఊరి మీద కాటుక చీకటి కమ్ముకుంది. ఉప్పుకయ్యలో నీళ్ళు చలనం లేకుండా పడి ఉన్నాయి. పట్టపగలే కొబ్బరిచెట్టు మీద గుడ్లగూబ వికృతంగా కూసింది! దూరంగా సముద్రగర్భంలోంచి ఉరుము ఒకటి మూలిగినట్టు వినిపించింది...

కఫూయీ పరుగెడుతోంది. ఆమె గుండెలకు హత్తుకున్న సంచిలో అక్క అక్పెనేకు నెలకు సరిపడా మాత్రలున్నాయి.

పన్నెండేళ్ళుగా అక్పెనేకు ఎవరివో గొంతులు వినిపిస్తాయి. మాత్రలు వేసుకుంటే నిద్రపోతుంది, చేపలు పొగబెడుతుంది, వీధిలో పిల్లలకు జడలల్లుతుంది. ఊళ్ళో ఆసుపత్రికి రెండు నెలలుగా ఆ మందే రావడం లేదు. అందుకే బడి పంతులమ్మ కఫూయీ తన ఎన్నికల ప్రచారం ఆపుకుని రాజధాని అక్రాకు వెళ్ళింది. వెళ్ళింది రెండు రోజులే! ఆ రెండు రోజుల్లోనే మేనమామ అక్పెనేను మాంత్రికుడు దోగ్బేకు అప్పగించాడని బస్సు దిగగానే తెలిసింది.

సంత మైదానం జనంతో కిక్కిరిసి ఉంది. నడుమ పాతిన మొద్దుకు అక్పెనేను గొలుసులతో బిగించారు. పెదవులు పగిలి, కళ్ళు లోతుకు పోయి... ఆమె చుట్టూ ఎర్రముగ్గు. ఆ ముగ్గులో ఒంటినిండా బూడిద పూసుకున్న దోగ్బే! కుడిచేత నిలువెత్తు ఇనుపశూలం. ఎడమచేత గవ్వలు అంటించి, నెత్తుటి రంగు పూసిన మానవ కపాలం!

వేదిక మీద కఫూయీ ప్రత్యర్థి క్పెగ్లో మైకు పట్టుకుని నవ్వాడు.

"అదుగో, వచ్చింది! అక్క మతిని దయ్యాలకు బలిచ్చి కుర్చీ ఎక్కాలనుకున్న పంతులమ్మ! అడగండి దాన్ని!"

"మామయ్యా, ఏంటిది? అక్కకి ఒంట్లో బాలేదని నీకు తెలీదా?" మొద్దు పక్కనే నిలబడ్డ మేనమామ మీదికి ఉరికింది కఫూయీ.

"నోర్ముయ్యవే!" మేనమామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "దీని వల్ల నా కూతుళ్ళని ఎవడూ చేసుకోవడం లేదు. దయ్యమని తేలితే వదిలిపోతుంది. జబ్బంటే ఇంటిల్లిపాదికీ అంటగడతారు!"

ఆ మాట కఫూయీకీ తగిలింది. తాను మాత్రం ఏం చేసింది? ప్రచారం మొదలైన నాటి నుంచీ అక్కను వెనకగదిలో దాచింది. ఎవరైనా అడిగితే మలేరియా అంది...

డప్పులు దద్దరిల్లాయి! దోగ్బే భీకరంగా గర్జించాడు.

"చెప్పు! నిన్ను అమ్మిందెవరు? నీ చెల్లెలి పేరు చెప్పు! లేదంటే వీడు నీ ప్రాణం పీల్చేస్తాడు!"

కపాలాన్ని అక్పెనే నుదుటికి అదిమాడు. ఆమె కెవ్వున అరిచింది... ఆ అరుపుకు పసిపిల్లలు తల్లుల నడుములు కరుచుకున్నారు. అంతలోనే అక్పెనే అరుపు ఆపి కపాలాన్ని పరికించి చూసింది. గొలుసు అందినంత మేర చెయ్యెత్తి, కపాలం ఎడమ కనుబొమ ఎముక మీది రంగును బొటనవేలితో తుడిచింది. అంటించిన గవ్వలు జలజలా రాలాయి.

"పాపం... ఇక్కడ దెబ్బ తగిలింది. పన్ను కూడా విరిగింది. ఏడుస్తున్నాడు" అంది మెల్లగా.

జనంలోంచి చేపలమ్మే అబ్లా అవ్వ ముందుకొచ్చింది. మూడేళ్ళ కిందట గొంతులు వింటున్నాడని తన కొడుకు డెలాలీని ఇదే దోగ్బేకు అప్పగించిన తల్లి! నయమై, సరిహద్దు దాటి పనికి పోయాడని దోగ్బే చెప్పగా నమ్మి, రోజూ దారి చూస్తున్న తల్లి!

కనుబొమ ఎముక మీద సొట్ట. సగం విరిగిన ముందుపన్ను.

"పదేళ్ళప్పుడు తెడ్డు తగిలింది... నేనే పసరు పోశాను..." అవ్వ కపాలం వైపు వేలు చూపించింది. "నా బిడ్డ! ఒరే దోగ్బే, వీడు నా డెలాలీరా!"

డప్పులు ఆగిపోయాయి.

"దగ్గరికొస్తే మాడి మసైపోతావే ముసలీ!" దోగ్బే కేక వేశాడుగానీ కాళ్ళు వెనక్కి పడ్డాయి.

అవ్వ ఆగలేదు. ముగ్గు తొక్కుకుంటూ వెళ్ళి కపాలాన్ని లాక్కుంది. కొంగులో పొదువుకుంది. తలెత్తి, ఆ తీరం తరతరాలుగా తలుచుకుని గడగడలాడే ఉరుముల దేవుణ్ణి పేరెత్తి పిలిచింది.

"హెవియెసో! కళ్ళున్నాయా నీకు? చూశావా!"

కఫూయీ ఒక్క ఉదుటున వెళ్ళి మేనమామ మొలలోంచి గొలుసు తాళంచెవి లాగేసింది. గొలుసు విప్పి, అవ్వనూ అక్కనూ దూరంగా ఈడ్చుకుపోయింది. వెనక దోగ్బే ఉన్మత్తంగా ఇనుపశూలాన్ని ఆకాశానికెత్తి ఏవో మంత్రాలు అరుస్తున్నాడు...

ఫెళ్ళున ఆకాశం చీలింది!

కళ్ళు తెరిచి చూసేసరికి శూలం వంకర తిరిగి ఎర్రగా కాలుతోంది. దాని కింద దోగ్బే... బొగ్గు! దేవుడే శిక్షించాడని, పిడుగుపాటుకు పోయినవాడి కోసం ఆ ఊళ్ళో ఎవరూ ఏడవరు. ఎవరూ ఏడవలేదు.

వాన మొదలైంది. అందరికంటే ముందు తేరుకున్నవాడు క్పెగ్లో! బురదలో అక్పెనే ముందు మోకాళ్ళ మీద పడి మైకులో అరిచాడు.

"అమ్మవారు! ఈమెలో ఉన్నది అమ్మవారు! పాపిని దహించింది! రేపట్నుంచి నా సభలకు రా తల్లీ!"

జనం మోకరిల్లారు. అక్పెనే బెదిరిపోయి చెల్లెలి వెనక నక్కింది. కఫూయీ మైకు లాక్కుంది.

"అమ్మవారూ లేదు, దయ్యమూ లేదు! మా అక్కకి మనసుకి జబ్బు. ఇవిగో మాత్రలు. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచాను, తప్పు నాదే. డెలాలీకి కూడా కావలసినవి ఇవే."

"నీకు బుర్రలేదే!" క్పెగ్లో పళ్ళు కొరికాడు. "దేవతన్నావంటే గెలిచేదానివి. జబ్బన్నాక నీకు ఓటెవడేస్తాడు?"

ఎన్నికల రోజున ఎవరూ వెయ్యలేదనే చెప్పాలి. కఫూయీ ఘోరంగా ఓడిపోయింది. క్పెగ్లో ఊరేగింపు ఆమె వాకిట్లోనే ఆగి అరగంట సేపు టపాసులు పేల్చింది.

ఫలితాలొచ్చిన మర్నాడు సాయంత్రం పెరటి తడిక కదిలింది. ముఖం కనపడకుండా గుడ్డ కప్పుకున్న ఒక స్త్రీ, వెనక పద్దెనిమిదేళ్ళ పిల్ల. తనలో తాను ఏదో గొణుక్కుంటూ, చెవులు గట్టిగా మూసుకుని ఉంది ఆ పిల్ల. గుడ్డ తొలగించాక కఫూయీ గుర్తుపట్టింది. క్పెగ్లో భార్య!

"టీచరమ్మా... ఆరు నెలలుగా గదిలో పెట్టి తాళమేస్తున్నాం. ఇక్కడికొచ్చానని ఆయనకి తెలిస్తే చంపేస్తాడు." ఆమె కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "ఆ మాత్రలు... ఎక్కడిస్తారు?"

కఫూయీ తడిక పూర్తిగా తెరిచింది.

"లోపలికి రండి. ముందు పిల్లని కూర్చోపెట్టండి."