తెల్ల లైటు నిషేధం

"కెమెరాకి మూత పెట్టి ఫొటోలు తీస్తున్నాడంటే మనం వెతికే మనిషి వాడే. ఆ టోపీ తాతని అరెస్ట్ చేసి వచ్చెయ్," అన్నాడు బాస్ ఇయర్‌పీస్‌లో.

"ఎవరు చెప్పారు సార్?" కారులో కూర్చున్న ఏజెంట్ మిణుగురు అడిగింది.

"వెన్నెల కళ్లారా చూసింది."

వెన్నెల శత్రుదేశం నుంచి రెండేళ్ల క్రితం ఇటు దూకిన గూఢచారి. అందగత్తె. బాస్‌కి ఆమె మాటే వేదం. ఫొటోగ్రాఫర్ వేషంలో, వెల్వెట్ కోటులో, అదుగో తన టెలిస్కోప్ పక్కన నిలబడి ఉంది.

ఆ డార్క్ స్కై పార్కులో చుక్కల్ని ఫొటో తీసేవాళ్లు ఆ రాత్రి నలభై మంది. తెల్ల లైటు పడితే ఫొటోలు పాడవుతాయి కాబట్టి టార్చి అయినా ఎర్రదే వెయ్యాలి. వాళ్లలో ఒకరి టెలిస్కోప్‌లో కంటికి కనపడని లేజర్ ఉంది. రెండు గంటల పది నిమిషాలకి శత్రువు శాటిలైట్ నెత్తిమీదికి రాగానే, అవతలి దేశంలో పనిచేస్తున్న పదిహేడు మంది ఏజెంట్ల లిస్టు పైకి పోతుంది. మూడో పేరు మిణుగురు తమ్ముడిది. తెల్లారేసరికి వాణ్ణి బతకనివ్వరు.

"ఇక్కడ అందరూ ఆఖర్న మూత పెట్టి కొన్ని ఫొటోలు తీస్తారు సార్. కెమెరా మచ్చల్ని ఫొటోలోంచి తీసెయ్యడానికి. నాకు మూడు వారాలు నేర్పించింది మీరేగా."

"వాదించకు. ఇది ఆర్డర్."

"వినపడట్లేదు సార్." ఇయర్‌పీస్ పీకి డాష్‌బోర్డు మీద పారేసింది.

రెండూ ఎనిమిది. నలభై టెలిస్కోపులు వెతికే టైం లేదు. ఒళ్లు మండింది. ఆ పార్కులో ఎవరూ కలలో కూడా చెయ్యని పని చేసింది. హెడ్‌లైట్లు ఫుల్ బీమ్‌లో వేసింది.

"ఎవత్తివే నువ్వు? కళ్లు నెత్తికెక్కాయా?"

"ఆర్పు తల్లీ, కొంప ముంచావు!"

తిడుతూనే అందరూ ఎవరి లెన్సు మీద వాళ్లు పడ్డారు. టోపీలు, శాలువాలు, దొరికింది కప్పేశారు. ఒకాయన పొట్ట అడ్డం పెట్టాడు. ఏళ్ల తరబడి చుక్కల కోసం జాగారం చేసినవాళ్లకి ఆ పని ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక్క టెలిస్కోప్ మాత్రం నోరు తెరుచుకునే ఉంది. మూస్తే లేజర్ పైకి పోదు మరి. దాని పక్కన వెన్నెల వాచీ చూసుకుంటోంది.

మిణుగురు పరుగెత్తింది. వెన్నెల పిస్టల్ తీసింది. "ఆగు, కాల్చేస్తా."

"కాల్చు. ఆగను."

వెలుగు సూటిగా కళ్లలో కొడుతుంటే వెన్నెల గురి తప్పింది. తూటా చెవి పక్కనుంచి పోయింది. మిణుగురు స్టాండుని ఒక్క తన్ను తన్నింది. టెలిస్కోప్ బండ మీద పడి ముక్కలైంది. సరిగ్గా రెండూ పదికి శాటిలైట్ ఏమీ అందుకోకుండా పోయింది.

వెన్నెల చేతులకి బేడీలు వేసి, కారు దగ్గరికి లాక్కొచ్చి, ఇయర్‌పీస్ మళ్లీ పెట్టుకుంది.

"ఎవరి ఆర్డర్ మీద లైట్లు వేశావ్?" బాస్ అరుస్తున్నాడు.

"ఆ లిస్టులో మూడోవాడికి అక్కని సార్. దానికి ఆర్డర్ ఎందుకు?"

ఇంతలో టోపీ తాత పార్కు గార్డుని వెంటేసుకొచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు దొంగని పట్టావో దొరని పట్టావో నాకనవసరం. నాలుగు గంటల ఫొటో నాశనం చేశావు. ముందు ఆ లైట్లు ఆర్పు."

ఆర్పింది. జీవితాంతం పార్కులో అడుగు పెట్టకూడదంటూ గార్డు ఎర్ర టార్చి వెలుగులో ఒక కాగితం రాసిచ్చాడు. ఆమె సర్వీసులో మారు మాట్లాడకుండా ఒప్పుకున్న ఆర్డర్ అదొక్కటే.