చింపని గౌను

సాయంత్రం నాలుగు గంటలు. మే నెల ఎండ. గాలి ఊసే లేదు.

కర్నూలు ఊరి చివర సగం కట్టి వదిలిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు అది. కింద స్తంభాల మధ్య రేకులు అడ్డం పెట్టుకుని భీమక్క కాపురం. మొగుడు ఉరుకుందప్ప అక్కడ వాచ్‌మన్. కొడుకు వీరభద్ర కడ్డీలు కట్టే పనికి పోతాడు. కోసిగి పక్క పల్లె నుంచి సుగ్గికి, అంటే వలస పనికి, వచ్చినవాళ్ళు. తిరిగి పోదామంటే ఊళ్ళో వానల్లేవు. ఇక్కడే ఆగిపోయారు.

ఆ రోజు ఆదివారం. పని లేదు. తండ్రీ కొడుకులు సరుకులు తేవడానికి పాతబస్టాండు వైపు పోయారు. పోతూ పోతూ రేకుల గేటుకు బయట తాళం వేశారు. అది దొంగల కోసం వేసే తాళం కాదు. శివాని కోసం.

కూతురు శివానికి పదహారేళ్ళు. పోయిన నెల చెప్పాపెట్టకుండా బస్టాండుకు పోయి, తమ ఊరి వైపు పోయే ఆదోని బస్సెక్కి కూర్చుంది. ఉరుకుందప్ప వెతుక్కుంటూ పోయి పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావే?"

"ఏడో తరగతికి," అంది శివాని.

తమాషాకు అనలేదు. ఊళ్ళో దాని చదువు ఆగిపోయింది ఏడో తరగతిలోనే. ఆ పిల్లకు ఈ పట్నంలో ఒక్క తోడు లేదు. పక్క వీధి ఆడపిల్లలు దాని మాటను వెక్కిరిస్తారు. అందుకే ఖాళీ అంతస్తుల్లోకి పోయి, సున్నపు ముక్కతో గళ్ళు గీసుకుని, ఒక్కతే తొక్కుడుబిళ్ళ ఆడుకునేది. ఇటుక పెంకు జారిన చప్పుడు. ఒంటికాలి గెంతు. పనివాళ్ళు కిందినుంచి నవ్వేవాళ్ళు.

"భీమక్కా, పైన ఉయ్యాల తొట్టి కట్టమంటావా నీ కూతురికి?"

భీమక్క వాళ్ళతో పాటు నవ్వేది. లోపల మండేది. ఎట్లాగైనా దీన్ని మనిషిని చేయాలని, బట్టల షాపులో మాట్లాడి పనికి కుదిర్చింది. సోమవారం నుంచి పోవాలి. నీలం చుడీదారు కొనిచ్చింది. శివాని అది తొడుక్కుంది కానీ, ఏడో తరగతి నాటి ఎర్రగళ్ళ గౌను మాత్రం వదల్లేదు. రోజూ తల కింద పెట్టుకునే పడుకునేది.

ఆ గౌనును పొద్దున భీమక్క ఇచ్చేసింది. దిష్టిబొమ్మకు.

కట్టే ఇంటికి బొమ్మ కట్టడం మామూలే. పాతది ఎండకు చీకిపోయిందని, ఆదివారం అమావాస్య కలిసొచ్చిందని, బసవన్న మేస్త్రి కొత్తది చేశాడు. గోనెలో గడ్డి కుక్కి, కుండకు కళ్ళూ పళ్ళూ రాసి, తొడగడానికి గుడ్డ అడిగాడు. ఏ గుడ్డయినా ముందు అడ్డంగా చింపి, మూలన కాస్త కాల్చి ఇవ్వాలి. అప్పుడే అది మనిషి గుడ్డ కాకుండా పోతుంది.

"చింపినావా అక్కా?"

"చింపినాలేప్పా."

చింపలేదు. చింపబోతే చేతులాడలేదు. ఆ గౌను కుట్టింది తనే.

బసవన్న బొమ్మను మూడో అంతస్తు ముందుకు వేలాడదీసి పోయాడు. మధ్యాహ్నం శివాని గౌను కోసం పరుపంతా తిరగేసింది. బయటికి వచ్చి తల పైకెత్తి చూసింది.

"నన్ను అడగకనే ఇచ్చినావా?"

"నేనేమన్నా పసిబిడ్డను సాకుతాండానా? రేపు పనికి పోయేదానివి నీకెందుకే ఆ గౌను?"

శివాని నీలం చుడీదారుతో మెట్లెక్కి పోయింది. ఏడ్చి ఏడ్చి అదే దిగుతుందిలే అనుకుంది భీమక్క.

నాలుగు దాటాక పడమటి దిక్కు ఎర్రబడింది. మబ్బు కాదు. దుమ్ము. గోడలాగ లేచి వచ్చింది. చూస్తుండగానే ఎదురుగా ఉన్న ఇళ్ళు మాయమయ్యాయి. కరెంటు పోయింది. పట్టపగలు దీపం పెట్టుకోవలసినంత చీకటి. రేకులు దబదబ కొట్టుకుంటున్నాయి. నోట్లో మట్టి. ముక్కులో మట్టి.

ఆ మోతలో పైనుంచి పెంకు జారిన చప్పుడు వినిపించింది.

గెంతు. గెంతు. గెంతు.

ఈ గాలిలో దీనికి ఆటలా? భీమక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది.

ఒకరి గెంతు బరువుగా పడుతోంది. దాని వెనకే ఇంకొకటి. తేలిగ్గా... చిన్నగా...

"శివానీ! ఎవరే నీతో?"

రెండూ ఆగిపోయాయి.

మెట్లకు ఇంకా కమ్మీలు పెట్టలేదు. గోడ తడుముకుంటూ ఎక్కింది. సిమెంటు వాసన, తడి గోనెల వాసన. మూడో అంతస్తులో బాల్కనీ వైపు చూసింది. తాడు ఊగుతోంది. దుమ్ములో బొమ్మ మసకగా కనిపించింది. వట్టి గోనె, బయటికి పొడుచుకొచ్చిన గడ్డి.

ఒంటి మీద గౌను లేదు.

తీసేసుకుందన్నమాట. భీమక్కకు కాస్త ధైర్యం వచ్చింది. కిటికీలు లేని లోపలి గదిలోకి అడుగుపెట్టింది. కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి.

"శివానీ..."

ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిలో దూరింది. చల్లటి చెయ్యి. చూపుడు వేలు ఒక్కదాన్నే గట్టిగా పట్టుకుంది, జాతరలో తప్పిపోకుండా పట్టుకున్నట్టు. శివాని చిన్నప్పుడు అట్లాగే పట్టుకునేది.

"పోదాం పామ్మా," గుసగుసగా అంది.

"పా, బంగారూ. భయపడినావా?"

మెట్ల దగ్గరికి వచ్చారు. అప్పుడు, పై అంతస్తు నుంచి...

"అమ్మా!"

శివాని గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"అమ్మా! ఆ చెయ్యి ఇడ్సు!"

భీమక్క పక్కకు చూసింది. దుమ్ము. భుజం దగ్గర ఉండాల్సిన తల... చంక దగ్గర తగులుతోంది.

"పైకి చూడొద్దమ్మా," అంది పక్కనున్నది. "అది పెద్దది."

చెయ్యి లాగింది. భీమక్క దిగింది. ఎట్లా దిగిందో తెలియదు. మెట్టు తర్వాత మెట్టు. పైనుంచి పిలుపు వెంటబడి వస్తూనే ఉంది. గొంతు వస్తోంది, మనిషి రావడం లేదు.

గేటు దగ్గరికి పరిగెత్తింది. తాళం. బయట తాళం. రేకును భుజంతో గుద్దింది. వీధిలో ఎవరూ లేరు. ఉన్నా ఆ గాలిలో ఎవరికి వినపడుతుంది?

"అమ్మా... షాపుకు పోతాలేమ్మా..."

భీమక్క వేలు విదిలించింది. పట్టు వదల్లేదు.

"గౌనొద్దు నాకు... ఏమీ ఒద్దు... చెప్పినట్టు ఇంటా... నన్ను ఇడిసిపెట్టి పోతాండావా అమ్మా..."

మళ్ళీ విదిలించింది. ఎంత గట్టిగా విదిలించిందో ఆమెకే తెలియాలి. ఆ చెయ్యి వెచ్చబడుతోంది. కొంచెం కొంచెంగా... పొయ్యి పక్కన పడుకున్న బిడ్డ చెయ్యిలాగ.

పైన పిలుపు సన్నబడింది.

ఆగిపోయింది.

గాలి తగ్గాక తాళం తీసిన చప్పుడు. ఉరుకుందప్ప ఫోను లైటు మొహం మీద కొట్టింది.

"ఏమైందే? అట్ల వణుకుతాండావు?"

"బిడ్డ... పైన బిడ్డ ఉండాది..."

"పైన ఎవరే? నీ పక్కనే ఉండాది కదా!"

భీమక్క అప్పుడు చూసింది. శివానే. అదే మొహం, అదే గడ్డం కింద మచ్చ. ఎర్రగళ్ళ గౌను తొడుక్కుని నిలబడి ఉంది. చంకల కింద పట్టేయాల్సిన గౌను. ఎక్కడా పట్టలేదు.

వీరభద్ర టార్చి తీసుకుని పైకంతా వెతికి వచ్చాడు. దిగేటప్పుడు నవ్వుతున్నాడు.

"పైన ఎవరూ లేరు. మన బొమ్మకు నీలం చుడీదారు ఎవరమ్మా తొడిగింది? దిష్టిబొమ్మ అనుకుంటే, పెండ్లికూతురు మాదిరి ఉండాది!"

మర్నాడు బసవన్న వచ్చి చూసి మొహం చిట్లించాడు. "చింపని గుడ్డ బొమ్మకు కట్టకూడదక్కా. దించి కాల్చేస్తా."

భీమక్క మెట్లకు అడ్డం నిలబడింది.

"కాల్చొద్దప్పా."

"గడ్డే కదక్కా."

"నీ కాళ్ళు పట్టుకుంటా. కాల్చొద్దు."

బసవన్న ఆమె మొహం చూసి వెనక్కి తిరిగి పోయాడు.

శివాని షాపుకు పోలేదు. పొమ్మని భీమక్క అనలేదు. ఆ పిల్ల కిందే ఉంటోంది, అమ్మ కొంగు పట్టుకుని. బస్టాండు మాట లేదు, ఏడుపు లేదు. గేటుకు తాళం వేసే పని లేకుండా పోయింది. "చూస్తివా, దారికి వచ్చింది," అన్నాడు ఉరుకుందప్ప సంతోషంగా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, జొన్నరొట్టె తింటూ శివాని నమలడం ఆపింది. అరచేతిలో ఉమ్మి, భీమక్క ముందు పెట్టింది.

పన్ను. తెల్లగా, జొన్నగింజంత.

"అమ్మా, పన్ను ఊడింది. కొత్తది వచ్చేకి మిద్దె మీదికి ఇసురు."

భీమక్క దాన్ని తాకలేదు. పాలపళ్ళు ఎప్పుడో ఊడి, కొత్తవి వచ్చి, ఏళ్ళయింది. పిల్ల నవ్వింది. ముందు చిగురు ఎర్రగా, ఖాళీగా ఉంది. పక్కది కూడా నాలుకతో కదిలిస్తోంది.

చీకటి పడుతోంది. పొద్దుగూకితే ఇంటి మనుషులను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం భీమక్కకు అలవాటు. ఉరుకుందప్ప వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. ఒకటి. వీరభద్ర బకెట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. రెండు. శివాని కంచం ముందు ఉంది.

భీమక్క మూడో వేలు మడవబోతూ, పైన నీలం చుడీదారు వేలాడుతున్న వైపు తలెత్తింది. ఆగింది.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.