లస్మవ్వ ఇంట్లో ఊదాపూల మొక్క

ఆ మధ్యాహ్నం గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్ట్ గనికి ఆనుకుని ఉన్న రేకుల ఇంట్లో ఉన్నది నలుగురు. ఇంటామె లస్మవ్వ. కాలికి కట్టుతో మంచం మీద ఆమె కొడుకు సదానందం. గాజులమ్మే మనిషి వేషంలో ఏజెంట్ యమున. ల్యాబ్ నుంచి వచ్చానంటూ, నల్లకళ్ళద్దాలు తీయకుండా కూర్చున్న డాక్టర్ సారిక.

కిటికీ కింద పగిలిన బకెట్‌లో ఒక ఊదాపూల మొక్క.

గనిలో తగిలిన దెబ్బ సదానందం కాలికి చీము పట్టించింది. ఏ యాంటీబయాటిక్‌కూ ఆ క్రిమి లొంగలేదు. కాలు తీసేయాలన్నారు దవాఖానలో. లస్మవ్వ ఈ మొక్క వేరు నూరి కట్టడం మొదలుపెట్టాక పుండు మానుతూ వచ్చింది. కట్టు మార్చే నర్సు ఆశ్చర్యపోయి ఒక వేరు ముక్కను ల్యాబ్‌కు పంపింది. అక్కడ గాజుపళ్ళెంలో క్రిములు చచ్చాయి. మొక్క మొలిచే మట్టిగుట్టను అప్పటికే డోజర్లు చదును చేసేశాయి. మిగిలింది ఇదొక్కటే.

యమునకు ఆమె చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చిన్నది. "విదేశీ ముఠా దానికోసం దిగింది. వాళ్ళకు దొరికితే మందు వాళ్ళ సొంతం. కోడ్ చెప్పిన మన ల్యాబ్ మనిషికే మొక్క అప్పగించు."

"బొగ్గు తడిసింది," అంది సారిక.

"ఎండకు ఆరుతది," అంది యమున.

కోడ్ సరిపోయింది. పైగా సారిక తాను పుట్టి పెరిగింది ఈ కాలనీలోనేనని చెప్పింది. లస్మవ్వ మురిసిపోయి చాయ్ పోసింది. యమున బకెట్ ఎత్తి సారిక చేతికిచ్చింది.

అప్పుడే బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

గని పేలితే ఇల్లు ఊగుతుంది, సామాను రాలుతుంది. లస్మవ్వ చెయ్యి దానంతటదే అరమీది స్టీలు పళ్ళేల మీదికి పోయింది. సదానందం మందుసీసా పట్టుకున్నాడు. సారిక మాత్రం బకెట్‌ను చంకలో ఇరికించుకుని చప్పున లేచి కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది.

"ఈ కాలనీల పుట్టినోళ్ళు సైరన్ మోగితె పోలీసుల కోసం చూడరక్కా," అంది యమున మెల్లగా. "పళ్ళేలు పట్టుకుంటరు."

సారిక నవ్వింది. బ్యాగ్‌లోంచి బయటికొచ్చిన లిప్‌స్టిక్‌కు తుపాకీ గొట్టం ఉంది. "రెండు వైపులా జీతం తీసుకుంటున్నాను. ఒక్క వైపైనా పని చెయ్యాలి కదా. పక్కకు జరుగు."

యమున జరగలేదు. సారిక వేలు బిగిసింది.

గని పేలింది. నేల అదిరి గురి తప్పింది. గుండు పైరేకును చీల్చుకుని పోయింది. యమున లస్మవ్వ చేతిలోని పళ్ళెం లాక్కుని విసిరింది. అది సారిక మణికట్టును కొట్టింది. పిస్టల్ ఎగిరిపడింది, చంకలోని బకెట్ జారింది. సదానందం మంచం మీంచి సగం కిందికి వాలి, నేలను తాకబోతున్న బకెట్‌ను రొమ్ముకు హత్తుకున్నాడు.

వీధి చివర కాపు కాసిన యమున మనుషులు వచ్చి సారికను జీపెక్కించారు. యమున మొక్క కోసం చెయ్యి చాచింది. "అవ్వా, ల్యాబ్‌కు తీసుకపోవాలె. మస్తు మందికి మందైతది."

"గామె గూడ గట్లనే అన్నది," అంది లస్మవ్వ. ఒక కొమ్మ విరిచి యమున చేతిలో పెట్టింది. "నాటుకో, బతుకుతది. వేరు నా కొడుకుకు గావాలె. పో బిడ్డా."

భుజం పట్టుకుని గడప దాటించి తలుపు మూసింది.

యమున చెవి కమ్మలోంచి చీఫ్ అడిగాడు, మొక్క భద్రమేనా అని.

లోపల గొళ్ళెం పడింది.

"మన ఆఫీసులో కన్నా భద్రం, సార్."