తేజస్ తిట్టని రోజు

2091లో కాకినాడ తేలే ఆస్పత్రి నుంచి పడవ దిగే చుట్టాల ముఖాలు చూసి, ఒడ్డున ఎదురుచూసే రోగులు తమ ఆయువు లెక్కేసుకునేవాళ్లు. నవ్వుతూ దిగారా, మరీ ఎక్కువ నవ్వుతున్నారా, కళ్లు తుడుచుకుని నవ్వుతున్నారా... ఇవన్నీ పసిగట్టడంలో ఊరు ఊరంతా ఆరితేరిపోయింది.

దీనంతటికీ కారణం ఆయుర్మాపని అనే యంత్రం. ఊపిరితిత్తిలో కణితి పుడితే అది రక్తంలోకి కొన్ని ప్రోటీన్లు వదులుతుంది. వాటినే ట్యూమర్ మార్కర్లంటారు. వాటిలో ఏది ఎంత ఉంది, ఏది పెరుగుతోంది అన్నది చూసి, మనిషి ఇంకెంత కాలం బతుకుతాడో ఆ యంత్రం చెప్పేస్తుంది. దాన్ని కనిపెట్టినావిడ డాక్టర్ విహారిక. అంకె వినగానే కుప్పకూలిపోతున్న రోగుల్ని చూడలేక, "ఇకమీదట దగ్గరి మనిషి చెవిలోనే చెప్పాలి. రోగికి నిజం చెప్తారో, అబద్ధమాడతారో వాళ్ల ఇష్టం" అని నియమం పెట్టిందీ ఆవిడే.

ఆఖరికి ఆవిడ ఊపిరితిత్తిలోనే కణితి పుట్టింది. అంకె వినాల్సిన దగ్గరి మనిషి, పాపం, మొగుడు తేజస్.

తేజస్ ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. మంచివాడే గానీ నోరు ఊరుకోదు. లైటు ఆర్పలేదని, అన్నం సగంలో వదిలేసిందని పొద్దస్తమానం పెళ్లాం మీద కస్సుబుస్సులాడుతూనే ఉంటాడు. ఆవిడ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది.

యంత్రం గదిలో ఆయనకి చెమటలు పట్టాయి.

"మీరు ఆమెకి ఏమవుతారు?" అంది యంత్రం.

"మొగుణ్ణి. నాన్చకుండా చెప్పు తల్లీ."

"ఏడాదిపాటు మాత్రలు మానకుండా వేసుకుంటే, పంతొమ్మిదేళ్లు."

నెత్తిన పాలు పోసినట్టయింది. దారిలో మల్లెపూలు కొని, ఇంటికొస్తూనే "పంతొమ్మిదేళ్లు విహారీ!" అని ఆవిడ తలలో తురిమాడు. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నా ఆ రోజు ఒక్క మాట అనలేదు. మర్నాడూ అనలేదు. చావు తప్పిన మనిషిని తిట్టడానికి నోరెలా వస్తుంది? విహారిక "సరేలెండి" అని నవ్వి ఊరుకుంది.

ఆర్నెల్లకి మళ్లీ రక్తం తీశారు. ఈసారి తేజస్ ఈల వేసుకుంటూ వెళ్లాడు.

"ఐదు నెలలు," అంది యంత్రం.

"ఏయ్, సరిగ్గా చూడు!"

"చూశాను. రక్తంలో మందు జాడే లేదు. మార్కర్లు బాగా పెరిగిపోయాయి. ఇక మాత్రలు వేసినా పనిచేయవు."

ఎలా ఇంటికొచ్చాడో ఆయనకే తెలీదు. విహారిక భోజనానికి కూర్చుని ఆవకాయ అన్నం కలుపుకుంటోంది.

"మాత్రలేం చేశావు?" అన్నాడు.

ఆవిడ తప్పు చేసిన పిల్లలా తల దించుకుంది. "సింకులో పారేశాను. అవి వేసుకుంటే నోటికేదీ రుచించదు. ఉన్న నాలుగు రోజులూ కమ్మగా తిని పోదామనుకున్నా. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఏనాడూ పూలు తేని మనిషి తలలో మల్లెలు పెట్టారు. తిట్టడం మానేశారు. ఆ మాత్రం తెలీదా నాకు? పంతొమ్మిదేళ్లని మీరు అబద్ధమాడితే నమ్మేస్తానా?"

తేజస్ గుండెల్లో రాయి పడింది. నేను నిజమే చెప్పానే పిచ్చిదానా, అని అరవాలనిపించింది. ఆ మాట అంటే, తన చావు తనే కొనితెచ్చుకున్నానని కుమిలి కుమిలి పోతుంది. దుఃఖం కోపంగా బయటికొచ్చింది.

"బుద్ధుందా నీకు! ఇంత చదువు చదివి మాత్రలు సింకులో పోస్తావా? నిన్నెవరే డాక్టర్ని చేసింది!"

విహారిక ముఖం చూస్తూండగానే విప్పారింది. "తిడుతున్నారు! ఏవండీ, అయితే నాకు నిజంగానే బాగుందా?"



"బాగుండకేం రోగం!" అన్నాడు తేజస్.

"అయ్యో, మిమ్మల్ని నమ్మనందుకు లెంపలేసుకోవాలి. రేపట్నుంచి ఒక్క పూట కూడా మానకుండా మాత్రలు వేసుకుంటా, ఒట్టు!" అంటూ ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది.

తేజస్ అటు తిరిగి, కిటికీ ఎందుకు తెరిచావని, ఇల్లంతా దుమ్ము చేశావని తిడుతూనే ఉన్నాడు. నోరాపితే ఏడుపొచ్చేస్తుందని ఆయనకి తెలుసు.