నెలనెలా జ్వరం

తార్నాకలోని ఆ ఇంట్లో కరుణమ్మ ఉప్మాకు రవ్వ వేయిస్తోంది. భర్త యాకోబు పేపరు చదువుకుంటున్నాడు. యూనివర్సిటీ తరఫున ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తే కూతురు దీప్తి మాత్రం కడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని మంచంలో ముడుచుకుని ఉంది. నెలసరి మొదటి రోజు ఆ పిల్లకు నరకమే.

అలాంటప్పుడల్లా కరుణమ్మ కోచ్‌కి ఫోన్ చేసి "అమ్మాయికి జ్వరమండీ" అంటుంది. చర్చిలోనూ అదే మాట. పాపం సంఘమంతా కళ్లు మూసుకుని, అసలు రాని జ్వరం తగ్గాలని నెలనెలా ప్రార్థిస్తోంది! పిల్లలకు పాఠాలు చెప్పే ఈ టీచరమ్మకు ఉన్నమాట చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ఇంతలో గేటు ముందు స్కూటర్ ఆగింది. కోచ్ వీరస్వామి లోపలికి వచ్చి యాకోబుతో అన్నాడు.

"సార్, నెలనెలా జరమంటే చిన్న ముచ్చట కాదు. మంచి డాక్టరుకు చూపియ్యుండ్రి. ఈసారి పోటీల్ల నుంచి దీప్తి పేరు తీసేస్తున్న."

"అవునండీ, ఒంట్లో నలతగా..." కరుణమ్మ నసిగింది. కూతురి కష్టమంతా కళ్లెదుటే మట్టిపాలవుతున్నా ఆవిడకు పరువే ఎక్కువైంది.

దీప్తి లేచి వచ్చింది. "నాకు జ్వరం లేదు సార్. ముట్టయ్యాను."

"దీప్తీ!" తల్లి కేక వేసింది. యాకోబు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆడోళ్ల ముచ్చట్లు నాకెందుకమ్మా?" అన్నాడు వీరస్వామి నేల చూపులు చూస్తూ.

"మీకు కాకపోతే ఎవరికి సార్? ముట్టుకు ముందు నుంచే కాళ్లు బరువెక్కుతాయి, నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది. అప్పుడు వెనకబడితే అందరి ముందూ 'మనసు పెడతలేవు' అని తిట్టారు. నాలోనే పస లేదనుకుని కుమిలిపోయాను. పోయిన పోటీల్లో గెలిచింది కూడా ముట్టు మూడో రోజునే! అన్ని నెలలూ ఒకేలా ఉండవు. పరుగెత్తగలనో లేదో నన్నడగాలి కదా? అడక్కుండా పేరెలా కొట్టేస్తారు?"

"మీ ఇంట్లోళ్లే జరమన్నరు. నేనేం జెయ్యాలె?" అంటూ వీరస్వామి బయటికి నడిచాడు.

దీప్తి తల్లి వైపు తిరిగింది. "రోగిష్టిదాన్నని అందరినీ నమ్మించావు కదమ్మా. చివరికి నేనూ నమ్మేలా ఉన్నాను."

కరుణమ్మ గరిటె పడేసి గేటు దాకా పరుగెత్తింది. "ఆగండి మాస్టారూ! అబద్ధం చెప్పింది నేను. నా బిడ్డకు ఏ రోగమూ లేదు. వచ్చింది ముట్టు!"

పక్కింటివాళ్లు తొంగి చూశారు. అయినా ఆవిడ ఆగలేదు. "నేనూ బడికి సెలవు పెట్టినప్పుడల్లా తలనొప్పనే చెప్పాను. ఆ సిగ్గే ఇవాళ నా కూతురి కొంప ముంచింది. దాని పేరు తీయకండి."

వీరస్వామి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నిలబడ్డ దీప్తిని చూసి అడిగాడు. "ఎప్పుడు ఉరుకుతవమ్మా?"

"ఎల్లుండి సార్. టీమంతటితో కలిపి నాకూ పరుగు పరీక్ష పెట్టండి."

"సరే, రా. పేరు ఉంటది. నేను గూడ అడగాల్సుండె."

స్కూటర్ వెళ్లిపోయింది. కరుణమ్మ కూతురి చెంప నిమిరింది.

"చాలా నొప్పిగా ఉందా అమ్మా?"

ఇన్నేళ్లలో తల్లి ఆ మాట అడగడం అదే మొదటిసారి. అంతసేపూ బిగబట్టుకున్న దీప్తి ఆవిడ భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.