తాయెత్తులో సముద్రం

"ఫిల్ము పోయింది," అన్నాడు చీఫ్ రామచంద్రయ్య.

1992, హైదరాబాద్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ నూరుద్దీన్ సిగరెట్ ఆర్పేశాడు.

"ఉపగ్రహం తీసిన సముద్రం ఫోటో. మన తీరంలో చేపల గుంపులు ఎక్కడ చేరుతున్నాయో అందులో ఉంది. విదేశీ ట్రాలర్ల ముఠాకు చిక్కితే ఊడ్చిపారేస్తారు. ఎత్తుకెళ్ళింది మంజులత. చిట్యాల బస్సెక్కిందట."

"మన డబుల్ ఏజెంటా సార్?"

"మన మనిషే అనుకున్నాం. వాళ్ళూ అలాగే అనుకున్నారట. పోతూ పోతూ ఆ ఫోటో ఉన్న ఒరిజినల్ టేపు కూడా చెరిపేసింది. ఉపగ్రహం మళ్ళీ అటు తిరిగేసరికి చేపలుండవు. ఆ ఫిల్ము సాయంత్రానికి మన పడవలకు అందాలి."

నూరుద్దీన్‌కు పుల్లమ్మ గుర్తొచ్చింది. నిరుడు ఐసు వ్యాపారి వేషంలో తీరంలో ఉన్నప్పుడు అన్నం పెట్టిన జాలరి మనిషి. వచ్చే ఏడు వేట కూడా వట్టిదైతే పడవ అమ్ముకుని, కొడుకుల్ని కూలికి పంపాలని ఏడ్చింది. ఆ ఏడుపు అతన్ని ఇంకా వదల్లేదు.

చిట్యాలలో హైవే మీద పోలీస్ చెకింగ్. అత్తరు అమ్మే వేషంలో నూరుద్దీన్ బస్టాండులో తిరుగుతున్నాడు. ఎదురుగా నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఖాళీ హ్యాండ్‌బ్యాగు. మంజులతే.

"మల్లె అత్తరుందా?" కోడ్ వర్డ్ చెప్పింది.

"వానకు తడిసింది. ఫిల్మెక్కడ?"

"చెకింగ్ చూసి భయపడ్డాను. తాయెత్తులో పెట్టి ఒక మేక మెడలో కట్టేశాను. మేకను కొనుక్కోమని ముఠావాళ్ళకు చెప్పాను. నువ్వు ముందు కొనేయ్. నేను మీ వైపే కదా."

"ఏ మేక?"

"అదుగో, మెడలో పచ్చగుడ్డ ఉన్నది."

నూరుద్దీన్ ప్రాణం ఉసూరుమంది. దేవరకొండలో పుట్టి పెరిగినవాడు, ఆ గుడ్డ అర్థం తెలియకుండా ఉంటుందా.

"అది దర్గాకు మొక్కిన మేక. దాన్ని ఎవరూ అమ్మరు."

"మేకే కదా?" అంది మంజులత. పట్నం పిల్ల, ఏం చెబుతాం!

మేక యజమానురాలు సోమమ్మ అప్పటికే దర్గా దారి పట్టింది. ఆమె వెనక మేకల వ్యాపారి వేషంలో ముఠా మనిషి. లుంగీ కొత్తది, దాని మడతలు కూడా పోలేదు. నోట్ల కట్ట తీసి చూపించాడు.

"మొక్కిన మేకను అమ్ముతరా? ఏ ఊరోనివయ్యా నువ్వు?" అంది సోమమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు వాణ్ణి ఎగాదిగా చూశారు.

నూరుద్దీన్ ఆమె పక్కన చేరాడు. "అవ్వా, ఆ తాయెత్తు జర ఇయ్యవా? అండ్ల సముద్రం ఫోటో ఉంది. చేపల జాడ ఉంది. చానమంది బతుకు."

"గింత తాయెత్తుల సముద్రమా? ఎవలో పిల్ల మొక్కుకొని కట్టింది బిడ్డా. ముసలోడు దవాఖానల పడ్డప్పుడు నేను గూడ గిట్లనే మొక్కిన. ఇప్పుడు లేసి తిరుగుతాండు. మీ అమ్మ మొక్కు మీద ఎవలన్న చెయ్యేస్తే ఊకుంటదా?"

జేబులో పెన్ను పిస్తోలుంది. బొత్తంలో కెమెరా ఉంది. రెండూ దండగ. చిన్నప్పుడు తన జ్వరం తగ్గాలని అమ్మ మొక్కిన మేక గుర్తొచ్చి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ దర్గాలో ఒక పద్ధతుంది. మేక మెడలో ఎవరు ఏం కట్టినా విప్పి చూడరు, ధునిలో, ఆరకుండా మండే నిప్పుల గుండంలో వేస్తారు. చూస్తే మొక్కు చెల్లదు. దర్గా చూసుకునే ముజావర్ మెహమూద్ తాయెత్తు తెంపి, ధునిలో వేయడానికి చెయ్యెత్తాడు. కొత్త లుంగీవాడు ఒక్క దూకు దూకాడు.

నూరుద్దీన్‌కు ఉన్నవి రెండు చేతులే. వాణ్ణి పట్టుకుంటే తాయెత్తు మంటల్లోకి, తాయెత్తు పట్టబోతే అది ముందే దూకిన వాడి గుప్పిట్లోకి. వాణ్ణే పట్టుకున్నాడు. ఫిల్ము చిటపటమని కాలింది. పుల్లమ్మ కొడుకులు ఈసరికి వలలు సర్దుకుంటూ ఉంటారు. అతనికి కళ్ళు మండాయి, పొగ వల్ల మాత్రం కాదు.

చెకింగ్ పోలీసులు వచ్చి ముఠావాణ్ణి జీపెక్కించారు. మంజులత ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

"గట్ల మొహం పెట్టకు బిడ్డా, తిను. నీ మొక్కు గూడ తీరుతది," అని సోమమ్మ విస్తరి వేసింది. మొక్కిన మేకను కోసి పెట్టే కందూరు అన్నం కాదనకూడదు. తిన్నాడు.

ఎస్టీడీ బూత్‌లో చీఫ్ గొంతు ఖంగుమంది. "మిషన్?"

"సక్సెస్ సార్. వాళ్ళకు దొరకలేదు."

"మన పడవలకు?"

"చేపలెక్కడున్నాయో ఇప్పుడు చేపలకే తెలుసు సార్," అన్నాడు నూరుద్దీన్. "నేను మాత్రం మటన్ తిన్నాను."