ఖాళీ ఎంటర్

ఆ ఆఫీసులో మెట్ల కింది గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అందులో అడుగుపెట్టే మనిషి లేడు. లోపల ఎవరూ లేకుండానే కీబోర్డు టకటకలాడుతుందని వాచ్‌మన్ ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడట.

అక్కడ పనిచేసిన పెద్దాయనని అందరూ మాస్టారు అనేవారు. కిందటి వానాకాలం ఆ కీబోర్డు మీదే తల వాల్చి కన్నుమూశారు. ఏదో తప్పు వెతుకుతూ... అది దొరక్కుండానే.

అలాంటి గదిలోకి ఆ రాత్రి చిన్నది వెళ్ళింది. ఆఫీసులో అందరికంటే చిన్న పిల్ల, అందుకే ఆ పిలుపు. వెళ్ళక ఏం చేస్తుంది? పసికందులకి ఊపిరి అందించే మిషన్‌కి ప్రోగ్రాము రాసేది వీళ్ళే. పరీక్షకి పెట్టుకున్న మిషన్ ఆ గది కంప్యూటరుకే తగిలించి ఉంది. అచ్చం అలాంటి మిషన్‌లోనే, ఆసుపత్రిలో, అక్క బిడ్డ ఉంది; అక్కడి రికార్డు తెప్పించి ఇక్కడి మిషన్‌లో ఎక్కించారు. గాలి తగ్గితే గోల చేయాల్సిన అలారం నోరు మెదపడం లేదు. మార్చడానికి అక్కడ ఇంకో మిషన్ లేదు.

డీబగ్గర్ తెరిచింది. నడుస్తున్న ప్రోగ్రాముని నిలబెట్టి కడుపులో ఏముందో చూసే పనిముట్టు అది. ఆ సాయంత్రమే దానికి తనే ఒక కమాండు రాసి జోడించింది — ‘జాడ’. పక్కన ఒక పేరు కొడితే, దాన్ని చివరగా మార్చిందెవరో చూపిస్తుంది. పేరు కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఏం చేయాలో మాత్రం రాయలేదు. ఆ తొందరలో తోచలేదు.

జాడ గాలి. మళ్ళీ జాడ గాలి... గడ్డివాములో సూది. ఎంత వెతికినా గాలి లెక్క సరిగ్గానే ఉంది.

ఫోను మోగింది. అక్క.

"మళ్ళీ నీలంగా అయిపోయిందే... నేను చూశాను కాబట్టి సరిపోయింది. అలారం మోగలేదు. నాకు కునుకు పడితే ఏం గతే?"

"రెప్ప వేయకు అక్కా. చూస్తున్నా..."

కళ్ళలో నీళ్ళు. తెర కనబడలేదు. వేలు జారి, ఏమీ కొట్టకుండానే ఎంటర్ మీద పడింది.

తెర మీద ఒక వరుస వచ్చింది.

జాడ అలారం.

తను కొట్టలేదు. రాత్రంతా ఆ మాటే కొట్టలేదు! వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. కుర్చీ తోసి తలుపు దాకా పరిగెత్తింది... కానీ బిడ్డ? ప్రాణాలు అరచేత పట్టుకుని వెనక్కి వచ్చింది. కింది వరుస చదివింది.

ఆపినది: బటన్. నిమిషాలు: ఖాళీ.

నర్సు నిమిషాల అంకె వేసి బటన్ నొక్కితే అంతసేపే అలారం ఆగాలి. అంకె వేయకుండా నొక్కితే...? ముందుసారి అంకెనే మళ్ళీ మళ్ళీ పట్టుకుని మిషన్ నోరు మూసుకునే ఉంటోంది!

"అక్కా! నర్సమ్మకి ఫోనియ్యి! నిమిషం అంకె వేసి మళ్ళీ బటన్ నొక్కాలి!"

తెల్లవారింది. బిడ్డ క్షేమం. బుర్రమీసాల సీనియర్ నవ్వుతూ వచ్చాడు.

"ఏం చిన్నా, దెయ్యం కాఫీ ఇచ్చిందా?"

అంతా చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు.

"పిచ్చిదానా! ఖాళీగా ఎంటర్ కొడితే పాత కమాండునే మళ్ళీ నడపడం డీబగ్గర్ల అలవాటు. నీ జాడలో కూడా అదే లోపం, ఆ మిషన్‌లోనూ అదే."

"పాత కమాండంటే నాదే కదన్నా? నేను కొట్టింది గాలి."

"మాస్టారి రోజులదేదో అందులో మిగిలి ఉంటుందిలే. ఆయన వెతికిందీ అలారమేగా."

చిన్నదీ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

"అన్నా... ‘జాడ’ నేను రాసింది నిన్న సాయంత్రం."

మీసం మెలేస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.